కరువు సీమలో కంప్యూటరు

కొత్త యంత్రం వచ్చిన రోజున ఇల్లంతా పండుగే. కుట్టుమిషను కొన్నారంటే ఆ సాయంత్రం పక్కింటివారు కూడా వచ్చి చూసిపోతారు. ఆరు నెలలు గడిచాక వెళ్ళి చూడండి. ఒక ఇంట్లో ఆ మిషనుమీద పిల్లల గౌన్లు, అమ్మగారి రవికలు తయారవుతూ ఉంటాయి. మరో ఇంట్లో దానిమీద ఉతికిన బట్టల మూట కూర్చుని ఉంటుంది. మిషను రెండుచోట్లా ఒకటే. కుట్టేది ఎవరు, ఏ వేళప్పుడు, సూది విరిగితే ఎవరిని పిలవాలి అన్న మాటలు కొనకముందే అనుకున్నారా లేదా అన్న దగ్గరే తేడా అంతా వచ్చింది.

ఆఫీసుల్లోకి కంప్యూటరు వచ్చిన కథ కూడా ఇలాంటిదే. కాకపోతే ఇంట్లో మిషను మూలపడితే నష్టం ఆ ఇంటికే. ఆఫీసులో కంప్యూటరు సరిగా ఇమడకపోతే, దాని ఎదుట ఎన్నడూ కూర్చోని మనిషికి వారం కూలి ఆగిపోతుంది. ఈ సంగతి చెప్పుకోడానికి అనంతపురం కంటె తగిన చోటు దొరకదు.

లెక్కలు ఎరిగిన నేల

అనంతపురం పీఠభూమికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదీ అదనుకు రాదు. నైరుతి మేఘాలు పడమటి కనుమలు దాటేసరికి చాలావరకు వట్టిపోతాయి. తూర్పు తీరం నుంచి వచ్చే ఈశాన్యపు వానలు ఇంతదూరం చేరేసరికి చిక్కిపోతాయి. ఎర్రనేలలో వేరుసెనగ విత్తి ఆకాశంకేసి చూడటం ఇక్కడి రైతుకు అలవాటు. పంట ఎండితే పిల్లల్ని ముసలివాళ్ళకు అప్పగించి బెంగుళూరు బస్సు ఎక్కడం రైతుకూలీకి అలవాటు.

ఈ నేలకు కరువెంత పాతదో లెక్కలు రాయడమూ ఇంచుమించు అంత పాతదే. 1800లో దత్తమండలాలు కుంఫిణీవారి చేతికి వచ్చినప్పుడు ప్రధాన కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. 1807లో తిరిగి వెళ్ళేలోగా పొలం పొలం కొలిపించి, ఏ పొలం ఎవరిదో, దానికి శిస్తెంతో రాయించాడు. ఆ తర్వాత 1876–78లో ధాత కరువు వచ్చింది. లక్షలమంది ప్రాణాలు పోయాక 1880లో క్షామ కమిషను నివేదిక ఇచ్చింది. 1883లో క్షామ నిబంధనల ముసాయిదా తయారయింది. ఆ నడుమ 1882లోనే అనంతపురం బళ్ళారి నుంచి విడివడి జిల్లా అయింది.

కరువు పనుల్లో ముగ్గురు ఉంటారు. మన్ను తవ్వేవాడొకడు, తవ్వినదాన్ని కొలిచేవాడొకడు, కొలిచినదాన్ని రాసేవాడొకడు. తవ్వినవాడి గంజి, కొలిచినవాడి టేపులోనూ రాసినవాడి కలంలోనూ ఉంటుంది. ఎవరు పనికి వచ్చారు, ఎవరు రాలేదు అని రాసే హాజరు పట్టీకే మస్టరు అని పేరు. మస్టరులో దొంగ పేర్లు రాయడం, రెండడుగుల గుంటను మూడడుగులని కొలవడం, వేలిముద్ర ఒకచోట వేయించుకుని సొమ్ము మరొకచోట పంచుకోవడం – ఇవన్నీ కంప్యూటరు పుట్టకముందే ఉన్న విద్యలు.

దస్తావేజుల ఆఫీసులో మొదటి పాఠం

బల్లమీద పెట్టుకుని ఒక్క మనిషి వాడుకోగల కంప్యూటరును ఐ.బి.ఎం. కంపెనీ 1981లో బజారులో పెట్టింది. అంతకుముందు కంప్యూటరంటే చాలావరకు ఒక గది నిండా ఉండే యంత్రం. దానికొక చల్లని గది, కాపలాకు కొందరు నిపుణులు. బల్లమీదికి దిగాకే అది గుమాస్తా చేతికి అందింది. మన దేశంలో 1976లో ఏర్పడిన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు 1980ల చివరికల్లా జిల్లా కేంద్రాలకు కంప్యూటర్లను చేర్చింది. మన లిపులను అందులో ఎక్కించేందుకు ఒక ప్రమాణం 1991లో ఖాయమయింది. అప్పటికీ కలెక్టరాఫీసులో కంప్యూటరు ఒక మూలగదిలో ఉండేదే గాని, జనం నిలబడే కిటికీ దగ్గరికి రాలేదు.

మన రాష్ట్రంలో కిటికీ దగ్గరికి వచ్చిన పెద్ద ప్రయత్నం రిజిస్ట్రేషను శాఖది. 1998 నవంబరు 4న ‘కార్డ్’ అనే పేరుతో 214 సబ్ రిజిస్ట్రారు ఆఫీసులలో ఒకేసారి కంప్యూటర్లు పని మొదలుపెట్టాయి. ఇల్లో పొలమో కొన్నవారికి అంతకుముందటి తతంగం జ్ఞాపకం ఉండే ఉంటుంది. భూమి విలువ కట్టడానికి ఒక రిజిస్టరు, దస్తావేజును మళ్ళీ చేత్తో నకలు రాయడానికి ఒక గుమాస్తా, దాని మీద ఋణాలేమైనా ఉన్నాయా అని వెతకడానికి దుమ్ము పట్టిన సూచికల సంపుటాలు. రోజులు పట్టే పని గంటలోకి దిగింది. ఇ.సి. కోసం పాత సూచికలను కూర్చుని కంప్యూటరులోకి ఎక్కించారు. 1983 నుంచి జరిగిన లావాదేవీలు ఈనాడు కంప్యూటరులో దొరుకుతున్నాయంటే ఆనాడు పడిన ఆ చాకిరీ ఫలితమే. కొత్త యంత్రం తెచ్చేవారు చాలామంది ఈ భాగాన్ని మరిచిపోతారు. యంత్రం ఖరీదు బిల్లులో కనబడుతుంది. పాత కాగితాలను అందులోకి ఎక్కించే మనుషుల శ్రమ బిల్లులో కనబడదు. అయినా ఖాళీ కంప్యూటరు ఖాళీ బీరువాతో సమానమే గదా!

ఇంత చేసినా ఒక లోపం మిగిలింది. 2004లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో జొనాథన్ కేస్లీ అనే పరిశోధకుడు ఈ ‘కార్డ్’ సంగతి పరిశీలించి రాశాడు. ముందర గది మారింది గాని, మధ్యవర్తుల పెత్తనమూ చేతులు తడిపే ఆనవాయితీ పోలేదని ఆయన తేల్చింది. ఎందుకు పోలేదు? లోపల యంత్రం వచ్చినా, వచ్చినవాడికి ఏ కాగితం కావాలో, ఏ రుసుము ఎంతో తెలియకపోతే, తెలిసినవాడొకడు వీధిలో నిలబడే ఉంటాడు. ఆఫీసు పని వేగమయింది, అంతే. కిటికీ ఇవతల ఉన్న మనిషి బలం పెరగలేదు.

పావగడలో పహాణీ

పాత అనంతపురం జిల్లా పటం తీసి చూస్తే పావగడ తాలూకా కర్ణాటకలోదయినా, మన నేల మధ్య దీవిలాగ కూర్చుని ఉంటుంది. అక్కడి పల్లెల్లో తెలుగు మాట వినబడుతూనే ఉంటుంది. ఆ రైతులు కొత్త శతాబ్దం మొదట్లో ఒక మార్పు చూశారు. భూమి ఎవరిదో, అందులో ఏ పంటో చెప్పే పహాణీ కోసం గ్రామ లెక్కాధికారి ఇంటి అరుగుమీద పడిగాపులు పడనక్కర లేకుండా, తాలూకా ఆఫీసు కిటికీలో 15 రూపాయలు కట్టి అచ్చు కాగితం తెచ్చుకోసాగారు. కర్ణాటక ప్రభుత్వం ‘భూమి’ అనే పేరుతో చేసిన పని ఇది. 177 తాలూకాలలో, సుమారు 67 లక్షల మంది రైతులకు చెందిన 2 కోట్ల పహాణీలు కంప్యూటరు ఎక్కాయి.

ఇందులో గమనించవలసినవి రెండున్నాయి. కంప్యూటరు పహాణీ మొదలైన తాలూకాలో చేతిరాత పహాణీ చెల్లదని ప్రభుత్వం ప్రకటించింది. రెండోది, పేరు మార్పు అర్జీలను వచ్చిన వరసలోనే తీయాలని కంప్యూటరులోనే కట్టడి పెట్టింది. వెనకవాడి కాగితాన్ని ముందుకు జరపడానికి వీలు లేదు. పాత దారి తెరిచి ఉంటే పెద్దలంతా పాత దారినే నడుస్తారు. కంప్యూటరు పక్కన ముచ్చటకు ఉంటుంది. ఆఫీసు లోపల రెండు దారులు ఉండరాదు. దీన్ని గుర్తుంచుకోండి, ముందు దీనికి సరిగ్గా ఎదురు మాట ఒకటి రాబోతోంది.

బండ్లపల్లి నుంచి మండలాఫీసుకు

2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లికి అప్పటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ వచ్చారు. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం ఆ పల్లెలోనే మొదలయింది. దేశంలో 200 జిల్లాలు, రాష్ట్రంలో 13 జిల్లాలు. వాటిలో అనంతపురం ఒకటి. అడిగిన ప్రతి గ్రామీణ కుటుంబానికీ ఏడాదికి 100 రోజుల పని, పని చేసిన 15 రోజుల్లోగా కూలి – ఇదీ చట్టం ఇచ్చిన మాట.

మాట చిన్నది, లెక్క పెద్దది. ఆనాటి అనంతపురం జిల్లాలో 63 మండలాలు. ప్రతి మండలంలో ఎన్నో పల్లెలు, ప్రతి పల్లెలో ఎన్నో పనులు, ప్రతి పనికీ వారం వారం మస్టర్లు. నేల గట్టిదనాన్ని బట్టి రేటు మారుతుంది. ఎండాకాలపు నెలల్లో గడ్డ మీద పార దిగదు గనుక ఆ నెలలకు అదనపు శాతం కలపాలి. గుంపుగా చేసిన పనిని కొలిచి, వచ్చిన సొమ్మును హాజరైనవారికి పంచాలి. దీన్ని చేత్తో లెక్కగట్టాలంటే గుమాస్తాలు చాలరు. చాలినా 15 రోజుల్లో తెమలదు.

అప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం ఈ కథకు ఆయువుపట్టు. చాలా రాష్ట్రాల్లో పని అంతా కాగితం మీద జరిగిపోయేది. కూలి ఇచ్చేశాక, పైవారికి నివేదిక పంపడం కోసం ఆ అంకెలను తీరుబడిగా కంప్యూటరులో ఎక్కించేవారు. ఇక్కడ అలా చెయ్యలేదు. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ చేత సాఫ్టువేరు రాయించి, మండలానికొక కంప్యూటరు కేంద్రం పెట్టి, పని అంచనా మొదలుకొని కూలి చెల్లింపు ఆజ్ఞ దాకా అందులోంచే రావాలన్నారు. అందులో ఎక్కని మస్టరుకు కూలి లేదు.

తేడా ఏమిటంటారా? ఇంటి ఖర్చులు నెలాఖరున జ్ఞాపకం చేసుకుని రాసే డైరీ ఒకటి, డబ్బు పెట్టె తాళమే అందులో ఉండే లెక్క పుస్తకం ఒకటి. మొదటిది తప్పయినా సంసారం నడుస్తుంది. రెండోదాన్ని ఎవరూ నిర్లక్ష్యం చెయ్యలేరు. కంప్యూటరును దారి పక్కన కాక దారి మధ్యలో పెట్టడమంటే ఇదే.

ఇలా పెట్టాక యంత్రం తనకు తెలిసిన పని చేసింది. ఒకే మనిషి ఒకే రోజున రెండు మస్టర్లలో ఉంటే పట్టుకుంది. 100 రోజులు దాటిన కుటుంబాన్ని చూపింది. రేటు గుణకారాలు తనే చేసింది. ఒక ఊళ్ళో నలుగురు ఓబులేసులు, ముగ్గురు పెద్దక్కలు ఉండటం ఇక్కడ మామూలే గనుక, ప్రతి కుటుంబానికీ జాబ్ కార్డుమీద ఒక అంకె ఇచ్చి ఆ చిక్కు తీర్చారు. ఎవరికి ఎన్ని రోజులు, ఎంత కూలి అన్నది కూలి చీటీగా అచ్చయి వచ్చింది.

కాని యంత్రాన్ని దారి మధ్యలో పెట్టినవాడికి ఒక బాధ్యత ఉంటుంది. అది ఆగితే దారే ఆగిపోతుంది. కరెంటు పోయిందనుకోండి, ప్రింటరులో సిరా అయిపోయిందనుకోండి, ఆపరేటరు సెలవు పెట్టాడనుకోండి, లేదా జాబ్ కార్డు అంకెలో 6 బదులు 9 పడిందనుకోండి. అప్పుడు మండలాఫీసు గుమ్మం దగ్గర వినబడేది ఇలాంటి మాటే:

“సామీ, నా దుడ్డు రాలేదు.”

“నీ పేరు కంప్యూటర్లో లేదమ్మా.”

పూర్వం ‘దొరగారు సంతకం పెట్టలేదు’ అనేవారు. దొరగారినైతే మళ్ళీ వెళ్ళి అడగవచ్చు. కంప్యూటరును ఎవరు అడుగుతారు? అందుకే ఆఫీసులో యంత్రం పెట్టేనాడే, అది తప్పు చేసినప్పుడు సరిదిద్దే మనిషి ఎవరో, ఎన్నాళ్ళలో సరిదిద్దాలో కూడా రాసి పెట్టాలి. ఆ మనిషి పేరు గుమ్మంలో కనబడాలి.

ఫాక్టరీల పాత కథ

ఇది మన మండలాఫీసులకే వచ్చిన చిక్కు అనుకోకండి. అమెరికాలో 1980లలో కంపెనీలన్నీ కంప్యూటర్లు కొన్నాయి. ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న రాబర్ట్ సోలో, ఆ బహుమతి వచ్చిన 1987లోనే, కంప్యూటరు యుగం కంటికి కనబడుతోంది గాని ఉత్పత్తి లెక్కల్లో మాత్రం జాడ లేదని ఎత్తిపొడిచాడు.

1990లో పాల్ డేవిడ్ అనే చరిత్రకారుడు దీనికొక పోలిక చూపించాడు. ఫాక్టరీలకు కరెంటు మోటారు వచ్చిన కొత్తలో యజమానులు పాత ఆవిరి యంత్రాన్ని తీసి ఆ స్థానంలో మోటారు పెట్టి ఊరుకున్నారు. గదులు అవే, కప్పుకింద పొడుగాటి ఇరుసు అదే, దానినుంచి దిగే తోలు బెల్టులు అవే. లాభం ఏమంత లేదు. ప్రతి మరకూ విడిగా చిన్న మోటారు బిగించి, సరుకు నడిచే వరసలో మరలను అమర్చుకునేలా ఫాక్టరీనే కొత్తగా కట్టాకగాని లాభం కళ్ళబడలేదు. కరెంటు వచ్చాక అందుకు సుమారు 40 ఏళ్ళు పట్టింది.

ఆఫీసు సంగతీ అంతే. నాలుగు సంతకాల ఫైలును నాలుగు సంతకాలతోనే కంప్యూటరులోకి ఎక్కిస్తే, ఆలస్యం కూడా దానితోపాటే ఎక్కుతుంది. ఏ సంతకం ఎందుకు అని ముందు అడగాలి. అక్కరలేనిదాన్ని తీసేశాక యంత్రాన్ని పిలవాలి.

పాత కిటికీ మూయలేదు

మండలాఫీసులో కంప్యూటరు కూలి ఎంతో తేల్చింది. ఆ సొమ్ము మనిషి చేతికి చేరాలి గదా! మొదట పోస్టాఫీసు ఖాతాల ద్వారా ఇచ్చారు. పల్లె పోస్టాఫీసుకు అంత నగదు చేరడం, అక్కడ అందరూ బారులు తీరడం కష్టమయింది. అందుకని వేలిముద్రతో తీసుకునే స్మార్ట్ కార్డు పద్ధతి తలపెట్టారు. ఊళ్ళోనే ఉండే, చదువుకున్న పొదుపు సంఘపు మహిళ చేతికి ఒక చిన్న యంత్రం ఇస్తారు. కూలీ కార్డు పెట్టి వేలు ఆనిస్తే, ఆమె సొమ్ము లెక్కపెట్టి ఇస్తుంది.

ఈ పద్ధతి నిజంగా మేలు చేసిందా అని కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2010 నుంచి 2012 దాకా ఎనిమిది జిల్లాల్లో పరీక్షించారు. అనంతపురం అందులో ఒకటి. ఏ మండలానికి ముందు కార్డులు, ఏ మండలానికి వెనక అన్నది చీట్లు తీసినట్టు నిర్ణయించారు గనుక, రెండింటినీ పోల్చి చూడటానికి వీలయింది. 2016లో వారి ఫలితాలు అచ్చయ్యాయి. కార్డులు వచ్చిన మండలాల్లో ఒక్కొక్కసారి కూలి తీసుకోవడానికి పట్టే కాలం సుమారు 20 నిమిషాలు తగ్గింది. పని అయిన తర్వాత కూలి దాదాపు వారం రోజులు ముందుగా అందింది. ప్రభుత్వ ఖజానాకూ కూలీ చేతికీ మధ్య కారిపోయే సొమ్ము బాగా తగ్గింది. కూలీల్లో అత్యధికులు కొత్త పద్ధతే మేలన్నారు.

చిత్రమేమంటే, రెండేళ్ళు గడిచినా ఆ మండలాల్లో సుమారు సగం చెల్లింపులే కార్డుమీద నడిచాయి. కార్డుల శిబిరం నాడు కొందరు ఊళ్ళో లేరు. కొన్ని ఊళ్ళకు బ్యాంకు మనిషి కుదరలేదు. మరి తక్కినవారి గతి ఏమయింది? ఏమీ కాలేదు. కార్డు లేనివారికి పాత పద్ధతిలోనే కూలి ఇచ్చారు. ఆ కిటికీని మూయలేదు. పథకం వల్ల ఎవరూ కూలి పోగొట్టుకోకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇందాక గుర్తుంచుకోమన్న మాటకు ఎదురు మాట ఇదే. ఆఫీసు లోపల పాత దారి మూసెయ్యాలి. కిటికీ ఇవతలి మనిషికి మాత్రం, కొత్త దారిలో తను నడవగలిగేదాకా పాత దారి ఉండాలి. ఆఫీసువారికి జీతం నెల నెలా వస్తుంది, శిక్షణ ఇస్తారు, తప్పయితే మళ్ళీ రాసుకుంటారు. మట్టి తవ్వి తవ్వి వేలి గీతలు అరిగిపోయిన ముసలమ్మకు ఆ వెసులుబాట్లు లేవు. కష్టం మోయగలిగినవారిమీదే మార్పు బరువు పెట్టడం న్యాయం. చాలాచోట్ల జరిగేది దీనికి తలకిందులు. గుమాస్తాగారి పాత రిజిస్టరు పదిలంగా ఉంటుంది. జనానికి మాత్రం ‘రేపటినుంచి కొత్త పద్ధతి’ అని బోర్డు కడతారు.

చదివి వినిపించేవారు

ఇంత చేసినా కంప్యూటరుకు తెలియని సంగతి ఒకటుంది. గుంట తవ్వారని రాస్తే తవ్వారనే అది నమ్ముతుంది. వెళ్ళి చూడటానికి దానికి కాళ్ళు లేవు. తప్పుడు కొలతను కూడా అందంగా, కొట్టివేతలు లేకుండా అచ్చు వేస్తుంది. అచ్చు అక్షరాన్ని చూసి మనం ఇంకాస్త నమ్ముతాం. ఇది ప్రమాదమే.

దీనికి మన రాష్ట్రం చేపట్టిన విరుగుడు సామాజిక తనిఖీ. 2006లోనే మొదలయింది, ఆ ఏడే అనంతపురం జిల్లాలో ఊరూరా పాదయాత్రగా కూడా సాగింది. 2009లో ఈ పనికే ప్రత్యేకంగా ఒక సొసైటీ ఏర్పడింది. ఊరి పిల్లల్లో చదువుకున్నవారికి తర్ఫీదు ఇచ్చి, కంప్యూటరులోని మస్టర్లను, చెల్లింపులను అచ్చు తీసి వారి చేతికి ఇస్తారు. వారు ఇంటింటికీ వెళ్ళి, “అక్కా, నువ్వు ఈ వారం ఆరు రోజులు చెరువు పనికి పోయినట్టు ఉంది, పోయినావా? ఇంత సొమ్ము ముట్టిందా?” అని అడుగుతారు. టేపు పట్టుకుని గుంట దగ్గరికి పోయి కొలుస్తారు. తర్వాత మండల కేంద్రంలో అందరి ఎదుటా ప్రజావేదికలో చదివి వినిపిస్తారు. చచ్చిపోయినవారి పేర కూలి, ఊళ్ళో లేనివారి పేర కూలి ఇలాగే బయటపడతాయి.

ఇక్కడ కంప్యూటరు చేసిన మేలు మరొకటి కనబడుతుంది. చేతిరాత మస్టరయితే బీరువాలో ఉండేది. తాళం చెవి ఒకరి దగ్గర ఉండేది. కంప్యూటరులో ఉన్నది అచ్చు వేసి ఎవరి చేతికయినా ఇవ్వవచ్చు. ఇచ్చినప్పుడే అది మేలు. యంత్రం తాళం తీస్తుంది గాని, చదివి అడిగే పని మనిషిదే. ‘కార్డ్’కు కొరవడింది ఈ ఇవతలి మనిషే. దొరికిన తప్పులన్నిటికీ సొమ్ము తిరిగి వచ్చిందని కాదు. తప్పు చేసినవాడికి ఊరందరి ఎదుట జవాబు చెప్పవలసి వచ్చింది. అది చిన్న సంగతి కాదు.

కొనే ముందు అడగవలసినవి

ఆ తర్వాత కాలం మారింది. మండలాఫీసు బల్లమీది కంప్యూటరు పని కొంత చేతిలోని ఫోనుకు వచ్చింది. 2023 జనవరి 1 నుంచి ఉపాధి పనుల హాజరు ఫోనులో ఫోటోతో తీయడం, 2024 జనవరి 1 నుంచి కూలిని ఆధార్‌తో ముడిపడిన ఖాతాకే వేయడం తప్పనిసరి చేశారు. సిగ్నలు అందని గుట్ట మీద, ఆధార్‌లో ఒక పేరూ జాబ్ కార్డులో మరో పేరూ ఉన్న ఇంట్లో, ఆ పాత ప్రశ్నే మళ్ళీ లేచింది: కొత్త దారిలో నడవలేనివారికి పాత కిటికీ ఏదీ? 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ ఉపాధి చట్టం స్థానంలో 125 రోజుల పనిని చెప్పే మరో చట్టం చేసింది. చట్టం పేరు మారినా, తవ్వేవాడు, కొలిచేవాడు, రాసేవాడు – ఆ ముగ్గురూ ఉంటారు. అందుచేత ప్రశ్నా ఉంటుంది.

ఇదంతా ప్రభుత్వం గొడవ, మనకెందుకు అనకండి. ఈ పత్రిక చదివే ఇళ్ళల్లో సహకార సంఘం కార్యదర్శులున్నారు, బడి నడిపే పంతులుగార్లున్నారు, ఎరువుల దుకాణం పెట్టుకున్నవారున్నారు, గుడి కమిటీలోనో అపార్టుమెంటు సంఘంలోనో లెక్కలు చూసే గృహిణులున్నారు. వారందరి బల్లమీదికీ ఏదో ఒక కొత్త యంత్రమో, కొత్త సాఫ్టువేరో వస్తూనే ఉంటుంది. అమ్మేవాడు వేగం గురించి చెబుతాడు. మనం అతన్ని, మనల్ని మనం కూడా, మరికొన్ని అడగాలి.

ఏ పని దీనికి అప్పగిస్తున్నాం? ఆ పనిలో అక్కరలేని మెట్లు ముందే తీసేశామా? పాత లెక్కలు ఎక్కించడానికి మనుషులెవరు, ఎన్నాళ్ళు? ఒక్కరికే నేర్పుతున్నామా, ఆ ఒక్కరూ సెలవు పెడితే నడిపే రెండోవారున్నారా? ఏ తేదీ నుంచి పాత పుస్తకంలో రాయడం మానేస్తాం? కరెంటు లేని రోజున ఏమి చేస్తాం? తప్పు పడితే సరిదిద్దేది ఎవరు? యంత్రం ముందు కూర్చోలేనివారు – ఫీజు కట్టడానికి వచ్చిన తాతగారు, అప్పు తీర్చడానికి వచ్చిన రైతు – వారికి ఏ కిటికీ తెరిచి ఉంచుతున్నాం? అన్నిటికంటె ముఖ్యం, అందులోని లెక్క తీసి, దానితో సంబంధం ఉన్నవారికి చదివి వినిపించే రోజు ఏది?

వీటికి జవాబులు ఒక తెల్ల కాగితం మీద రాయడానికి ఒక సాయంత్రం చాలు. రాశాక ఆ కాగితాన్ని యంత్రం పక్కన గోడకు అంటించండి. బండ్లపల్లి వంటి ఊళ్ళలో ఎండలో గుంట తవ్విన మనిషి, తన చేతిలోని కూలి చీటీని పక్కింటి బడిపిల్లవాడి చేత చదివించుకుని, “ఆరు దినాలు కదా పోయినాను, అయిదే వేసినారే” అని నిలదీయగలిగిన రోజున ఆ మండలాఫీసులో కంప్యూటరు సరిగా ఇమిడిందని చెప్పుకోవచ్చు.